నిమ్మకాయ నీళ్ల బిందె

నా జట్టు ఓడిపోవడం నేనెప్పుడూ చూడలేదు. రెండేళ్లుగా క్రిస్మస్ పోటీల ఫైనల్లో ఓడిపోతూనే ఉంది, అదీ ముందు గోలు కొట్టి చివర్లో రెండు ఇచ్చుకుని, అయినా నేను చూడలేదు, ఎందుకంటే ఆ చివర వచ్చేసరికి నేను ఇంటిదారిలో ఉంటాను. రంజాను నెల జరుగుతూ జరుగుతూ వచ్చి క్రిస్మస్ పక్కన కూర్చుంది, నేను ఒక్కపొద్దుతోనే ఆడతాను, రెండో సగం మొదలైన కాసేపటికి జయరావు మాస్టారు గీత దగ్గరికొచ్చి చెయ్యి ఊపుతారు, నేను బయటికొస్తాను, నా భుజాల మీద తువ్వాలు కప్పి "ఇంటికెళ్లు నాయనా, ఒక్కపొద్దు విడిచే వేళవుద్ది" అంటారు, నేను సైకిలెక్కుతాను. మర్నాడు నా పరుపుల కొట్టు ముందు ఎవడో ఒకడు ఆగి, చివర్లో పోయిందిరా అంటాడు. ఎట్లా పోయిందిరా అంటే పోయింది అంతే అంటాడు. ఉన్న జట్టు ఉన్నట్టుగా ఉండి, బంతి అదే, నేల అదే, మనుషులు వాళ్లే, అరగంటలో ఎట్లా పోతుంది? పరుపు కుడుతున్నంతసేపూ అదే ఆలోచన. అందుకే ఈసారి సైకిలెక్కలేదు. మాస్టారు తువ్వాలు కప్పారు, అదే మాట అన్నారు, నేను బుద్ధిగా తలూపి, నాలుగడుగులు వేసి, బల్ల మీద కూర్చున్నాను. ఈ ఏడాది ఎట్లా పోతుందో నా కళ్లతో నేను చూడాలి.

ఒకటి–సున్నా మీద ఉన్నాం. మొదటి సగంలో లక్ష్మీకాంత్ కొట్టాడు, లక్ష్మీకాంత్ అనకూడదు, అయ్యప్ప మాలలో ఉన్నాడు కాబట్టి నలభై ఒక్క రోజులూ స్వామి. చెప్పుల్లేకుండా, నల్ల నిక్కరుతో, మెడలో మాల చొక్కా లోపలికి దోపుకుని, ఉత్త కాళ్లతో కొట్టాడు. అవతలి జట్టు చీమకుర్తి వాళ్లు గ్రానైటు రాళ్లు దొర్లించే మనుషులు, ఎవర్నైనా గుద్దేస్తారు గానీ స్వామి కాలు తగిలితే మాత్రం ఆగి, తప్పయింది స్వామీ అని దణ్ణం పెట్టి మరీ బంతి కోసం వెళ్తున్నారు. ముఖ్య అతిథి ఆలస్యంగా రావడంతో ఆట ఆలస్యంగా మొదలైంది, ఎండ పసుపు తిరిగి రైలు కట్ట మీదికి వాలింది, పత్తి లారీలు వెళ్లిన దారంతా తుమ్మ కంపలకి దూది పీచులు వేలాడుతున్నాయి. ఆ దూది చూస్తే నాకు చేతులు ఊరికే ఉండవు. అంత మంచి పింజ, ఎవడూ ఏరుకోడు. మా నాన్న బతికుంటే కంప కంపకీ ఆగి, ఏరి, సంచిలో వేసుకుని, ఆట సంగతి మర్చిపోయి ఉండేవాడు.

బల్ల వెనక తాడు కట్టారు, తాడు అవతల జనం. సరిగ్గా నా వీపు వెనక బాపయ్య గారు, పత్తీ మిర్చీ పండించే రైతు, చుట్టుపక్కల ఎక్కడ బంతి ఎగిరినా ఆయన అక్కడుంటారు. ఆయన పక్కన ప్రేమ్‌చంద్, స్టేషన్ దగ్గర టీవీలు బాగుచేస్తాడు, కేబుల్లో పరాయి దేశాల ఆటలు చూసి చూసి గుంటూరు జిల్లా కాళ్లు వాడి కంటికి ఆనడం లేదు. ఇద్దరూ మొదటి విజిల్ దగ్గర్నుంచి పోట్లాడుకుంటున్నారు, నేను దిగాక ఆ పోట్లాట నా మీదికి మళ్లింది.

"ఆడేవాణ్ణి దించి ఆడలేనోణ్ణి ఎక్కించాడు. ఏడాదికోసారి చేసే తప్పు ఇది, తద్దినం లాగా," అన్నారు బాపయ్య గారు.

"మిడ్‌ఫీల్డ్ ఖాళీ అయిపోయిందండీ. ఇట్టా ఆడితే ఎవడు నిలబెడతాడు?"

"ఖాళీ ఏందిరా, నిండా మనుషులేగా కనపడతంది. పరిగెత్తట్లేదు, అదీ సంగతి. మాబుగాడొక్కడే పరిగెత్తేది, ఆణ్ణి కూర్చోబెట్టారు."

"ఆయన వింటాడండీ, మెల్లిగా."

"విననీ. ఏం, నేను తిట్టానా?"

మాస్టారు తిడితే బాగుండును. ఆ మాటే నా లోపల అటూ ఇటూ తిరుగుతోంది, పొద్దున్నుంచి. పొద్దున మాస్టారు కొట్టుకొచ్చారు, చర్చికి వెళ్లే తెల్ల చొక్కాలో, దూది అంటుకుంటుందని కుర్చీ కూడా వద్దని నిలబడే మాట్లాడారు. వచ్చే ఏడాది నుంచి రంజాను నెలలో నీకు విశ్రాంతి ఇద్దామనుకుంటున్నాం మాబూ, కమిటీ వాళ్లు కూడా అదే అంటున్నారు, ఉపవాసమున్న మనిషిని పరిగెత్తించి మేం పాపం కట్టుకోవడం ఎందుకు, ఈ ఒక్క ఆటా ఆడు, తర్వాత పండగయ్యాక మామూలే. ఎంత మెత్తగా చెప్పారో. నాకు మెత్తదనం తెలుసు, నా పని అదే, తలగడలోకి దూది ఎంత కూరితే తల ఎంత దిగుతుందో చెప్పగలను, ఆయన మాటలో మనిషి పూర్తిగా మునిగిపోతాడు. నేను సరేనండి అన్నాను. ఆయన వెళ్లాక సూది చేతిలోనే ఉంది, దారం ఎక్కించడం మర్చిపోయాను. క్రిస్మస్ పోటీలే మాకున్న పెద్ద ఆట, రంజాను ఇంకో ఏడాదో రెండేళ్లో క్రిస్మస్‌ని వదిలిపెట్టదు, ఈలోగా నా మోకాళ్లు ఊరుకుంటాయా? విశ్రాంతి అంటే ఇక చాలు అనేగా. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, మా ఆవిడ నజీరా లోపల గంజికి గోధుమ నూక కడుగుతోంది, చూడలేదు.

ఈ మాస్టారేనా? నేను హైస్కూల్లో ఉండగా ఆయన డ్రిల్లు మాస్టారు, విజిల్ ఊదిన నోటితోనే తిట్టేవారు. మా నాన్న వింటి నారితో దూది ఏకుతుంటే ఆ టంగు టంగుకి లయగా అడుగులేస్తూ పెరిగినవాణ్ణి, గాలికి తేలుతూ పరిగెత్తేవాణ్ణి, బంతి దగ్గరికి వెళ్లి బంతిని దాటిపోయేవాణ్ణి. ఒరేయ్ దూదిపింజా, నేల మీద ఆడరా, నేల మీద, అని అరిచేవారు. ఆ పేరు నిలిచిపోయింది. మిగతా పదకొండు నెలలూ నేను దూదిపింజనే. ఒరేయ్ దూదిపింజా చచ్చావా, ఒరేయ్ దూదిపింజా ఎటు చూస్తున్నావ్. నెలవంక కనిపించిన మర్నాటి నుంచి మాత్రం మాబూ, నాయనా. గోలు కాసే మార్క్‌ని తిడతారు, వాడు రాత్రులు క్రిస్మస్ కేరల్స్ పాడి గొంతు పోగొట్టుకుని వస్తాడు, ఆ గొంతు పట్టుకుని మరీ తిడతారు. స్వామిని కూడా తిడతారు, స్వామీ అంటూనే తిడతారు, కళ్లు ఎక్కడ పెట్టుకున్నారు స్వామీ అని. నన్నొక్కణ్ణి తిట్టరు. మర్యాదగా చూసేది చుట్టాన్ని, ఇంటి మనిషిని కాదు. మర్యాద చేసి చేసి నన్ను గుమ్మం దాకా తెచ్చారు, వచ్చే ఏడాది గుమ్మం అవతల నిలబెడతారు.

సరే, ఆట చూడు. అదిగో, మొదలైంది. ఇది కాబోలు అది. మన బ్యాక్ బంతి తీసుకుని తల ఎత్తడానికి ముందే తన్నేశాడు, ఎవరికో తెలియకుండా. అవతలి వాళ్లు త్రో వేస్తుంటే మనవాళ్లు మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగారు. ఒకరు కాదు, అందరూ, ఎవరో చెప్పినట్టు ఒక్కసారి. వెనక బాపయ్య గారు చెప్పులు లేకపోవడం వల్ల అంటున్నారు, స్వామి ఒక్క పూట తిండి వల్ల అంటున్నారు, ప్రేమ్‌చంద్ కేరల్స్ వల్ల అంటున్నాడు, రాత్రంతా ట్రాక్టరెక్కి ఊరు ఊరంతా పాడితే పగలు ఏం ఆడతారు అంటున్నాడు. అన్నీ నిజంలాగే ఉన్నాయి. కానీ స్వామి ఒంటి పూట తింటాడు సరే, మార్క్ రాత్రి పాడాడు సరే, మిగతా వాళ్లు తిన్నారు, పడుకున్నారు, వాళ్లకేమైంది? అందరికీ ఒకే జబ్బు ఎట్లా వస్తుంది? నాకు చిన్నప్పట్నుంచీ ఇదే గొడవ, కారణం దొరక్కపోతే నిద్ర పట్టదు, పరుపు ఒక పక్కే ఎందుకు కుంగిందో తెలుసుకోవడానికి బేరం కుదరకుండానే విప్పేస్తాను.

మార్క్ గోలు దగ్గర నిలబడి పెదాలు తడుపుకుంటున్నాడు, నాలుకతో, మళ్లీ మళ్లీ. నా బదులు ఎక్కినతను, చర్చిలో డోలక్ వాయిస్తాడు, ఇప్పుడే ఎక్కాడు కాబట్టి హుషారుగానే ఉన్నాడు. స్వామి మాత్రం మా ముందు నుంచే వెళ్లాడు, గీత పక్కగా, ఉమ్మడానికి తల పక్కకి తిప్పాడు, ఉమ్మలేదు. ఉమ్మి రాలేదు. నోరు కదిపాడు, దవడలు ఆడించాడు, ఏమీ రాక చొంగ తుడుచుకున్నట్టు ముంజేత్తో పెదాలు తుడుచుకుని పరిగెత్తాడు. నేను బల్ల మీద ముందుకు జరిగాను. ఆ నోరు నాకు తెలుసు. అది నా నోరు. నాలుక అంగిటికి అంటుకుని, ఊడదీస్తే చిన్న చప్పుడు అయ్యే నోరు, ఈ నెలంతా సాయంత్రం పూట నాది అట్లాగే ఉంటుంది. స్వామి నోరు అట్లా ఎందుకుంది? మాలలో నీళ్లు తాగొద్దని ఎవరూ అనలేదే. మార్క్ పెదాలకి ఏమైంది? క్రీస్తు పుట్టిన పండక్కి ఉపవాసం లేదే.

బిందె నా కాలి పక్కనే ఉంది. ఇంతసేపూ ఉంది, నేను అటు చూడలేదు, అది నా అలవాటు, ఒక్కపొద్దులో నీళ్ల వైపు చూడను, చూస్తే దాహం ఎక్కువవుతుందని. హాఫ్‌టైమ్‌లో కూడా బోర్లా పడుకుని తల మీద తువ్వాలు కప్పుకుంటాను, నన్ను చూసి వాళ్లు మొహమాటపడతారని. తువ్వాలు కింద నుంచి వింటాను, గ్లాసు మునగడం, నీళ్లు పుక్కిలించడం, ఉమ్మడం. మూడేళ్లుగా విన్నాను. తాగుతున్నారనుకున్నాను. ఇప్పుడు మొదటిసారి వంగి బిందెలోకి చూశాను. అంచుకి బెత్తెడు కిందికి కూడా దిగలేదు. పైన నిమ్మచెక్కలు తేలుతున్నాయి, పక్కనే పాత్రలో ఉప్పూ పంచదారా కలిపిన గరిటె, కొండమ్మ గారు చర్చి బావిలో తోడి, నిమ్మకాయలు పిండి, నెత్తిన పెట్టుకుని తెచ్చిన బిందె, తెచ్చింది తెచ్చినట్టే ఉంది.

"మాస్టారూ," అన్నాను, "వీళ్లు నీళ్లు తాగలేదేంటండీ?"

ఆయన ఉలిక్కిపడి చూశారు. "నువ్వింకా వెళ్లలేదా నాయనా?"

"బిందె నిండా ఉంది."

"ఆట చూడు మాబూ."

"హాఫ్‌టైమ్‌లో తాగలేదా?"

మాస్టారు విజిల్ తాడుని వేలికి చుట్టుకున్నారు, విప్పారు. డెబ్బై ఏళ్ల మనిషి, దొంగతనంలో దొరికిన పిల్లాడిలా ఉంది మొహం. "ఎట్టా తాగుతారయ్యా? నువ్వు అక్కడ బోర్లా పడుకుని ఉంటే. మొదటేడు స్వామి గ్లాసు నోటి దాకా తెచ్చి నిన్ను చూశాడు, పుక్కిలించి ఉమ్మేశాడు. తర్వాత మార్కు. ఇంక ఎవడూ తాగలా. నేను చెప్పలా, వాళ్లూ ఒకళ్లకొకళ్లు చెప్పుకోలా. నీ ముందు గటగటా తాగడానికి మొహం చెల్లాలిగా."

"ఈ మూడేళ్లూనా?"

"అందుకేగా నిన్ను తొందరగా దించేది. నువ్వెళ్తే తాగుతారని. తీరా ఆట మధ్యలో ఎవడు తాగుతాడు, తాగే టైమెక్కడిది."

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది, ఏది ముందో చెప్పలేను. వాళ్లు తాగాలని నేను మొహం కప్పుకుంటాను, నేను మొహం కప్పుకున్నానని వాళ్లు తాగరు, వాళ్లు తాగాలని ఈయన నన్ను దించుతారు, నేను దిగానని వెనక బాపయ్య గారు ఈయన్ని తిడతారు. మూడు క్రిస్మస్‌లు. వచ్చే ఏడాది నన్ను ఇంట్లో కూర్చోబెడితే అంతా సర్దుకుంటుందని పాపం వీళ్ల లెక్క. ఒక్కడైనా నోరు తెరిచి అడగలేదు, నేనూ తువ్వాలు ఎత్తి చూడలేదు. ఎంత ప్రేమ ఇది, ఎంత తెలివితక్కువ ప్రేమ. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒంట్లో ఉన్న కాస్త తడీ అట్లా పోయింది.

అప్పుడే స్వామి పడ్డాడు. ఎవరూ తగల్లేదు, బంతి కూడా దూరంగా ఉంది, పరిగెడుతున్నవాడు పిక్క పట్టుకుని పక్కకి ఒరిగాడు, పిక్క గట్టిగా ముడి పడి కనిపిస్తోంది ఇక్కణ్ణుంచి. రిఫరీ విజిల్ ఊదాడు. వెనక బాపయ్య గారు "అయిపోయింది, మొదలైపోయింది" అన్నారు. నేను లేచాను. బిందెని రెండు చేతులా ఎత్తి భుజాన పెట్టుకున్నాను, పత్తి మూట కన్నా బరువు, నీళ్లు తొణికి మెడ మీదుగా వీపు మీదికి కారాయి, చల్లగా, ఆ చల్లదనానికి నా గొంతు దానంతటదే గుటక వేసింది, మింగడానికి ఏమీ లేకుండానే. సున్నం గీత దాటాను. మాబూ, మాబూ అని మాస్టారు మెల్లిగా పిలుస్తున్నారు.

స్వామి పక్కన మోకాళ్ల మీద కూర్చుని గ్లాసు ముంచి నోటి దగ్గర పెట్టాను. స్వామి తల తిప్పుకున్నాడు. "నువ్వు తాగకుండానా, వద్దు మాబూ." చుట్టూ మనవాళ్లు చేరారు, మార్క్ కూడా గోలు వదిలి వచ్చాడు, అందరి కళ్లూ గ్లాసు మీదే, అందరి చేతులూ వెనక్కే.

"నా ఒక్కపొద్దు నేను మోస్తాను స్వామీ. మీ దాహం కూడా తెచ్చి నా మీద పెడితే నేనెట్టా మొయ్యను?" అన్నాను. "తాగండి. నేను పోస్తున్నా కదా."

స్వామి నా వైపు చూశాడు. మాల పూసని బొటనవేలితో ఒకసారి తాకాడు. తర్వాత దోసిలి పట్టాడు, గ్లాసు కాదు, దోసిలి. పోశాను. తాగాడు, మళ్లీ పట్టాడు, మళ్లీ పోశాను. ఆ తర్వాత నాకు మనుషులు కనపడలేదు, దోసిళ్లే కనిపించాయి, మిర్చి కోతల మచ్చలున్నవీ, బండి గ్రీజు పోనివీ, మార్క్ గోలీ తొడుగులు విప్పి పట్టిన చేతులు తెల్లగా ముడతలు పడి. గుటకల చప్పుడు అంత దగ్గరగా నేనెప్పుడూ వినలేదు. నాకు దాహం వేయలేదని చెప్పను, చచ్చేంత వేసింది, కానీ చూడగలిగాను, ఒక్క బొట్టూ వదలకుండా చూశాను. ఎర్రటి దుమ్ము పట్టిన ఒక దోసిలి కొత్తగా కనిపించింది, తలెత్తితే చీమకుర్తి సెంటర్ ఫార్వర్డ్. పోశాను. వాళ్ల బ్యాకులూ వచ్చారు. వెనక నుంచి ప్రేమ్‌చంద్ గొంతు, "వాళ్లకెందుకు పోస్తున్నాడండీ, వాళ్లకెందుకు?" బాపయ్య గారి గొంతు, "నోరు ముయ్యరా, దాహానికి జట్టేంది."

రిఫరీ కూడా ఒక గ్లాసు తాగి, వాచీ చూసుకుని, ఇక బయటికి వెళ్లమన్నాడు. నేను లేవలేదు. స్వామి పిక్క రుద్దుతూ ఉండిపోయాను, బొటనవేళ్లతో నొక్కి, గడ్డ కట్టిన దూదిని విడదీసినట్టు మెల్లగా, అది కరుగుతోంది, స్వామి మొహం విడుతోంది, నాకు మైదానం మధ్యలో ఉండటం ఎంత బాగుందో, ఇంకొక్క క్షణం, ఇంకొక్కటి.

"ఒరేయ్ దూదిపింజా!"

మైదానమంతా వినపడింది.

"ఒరేయ్ నిన్నేరా, చెవుడా? దిగినోడివి మళ్లీ లోపలేం చేస్తన్నావురా? గెంటిస్తావా మమ్మల్ని? రా బయటికి!"

వస్తున్నానండీ అన్నాను. బిందె ఎత్తుకుని పరిగెత్తాను, తేలికపడ్డ బిందె భుజం మీద ఎగురుతున్నట్టు ఉంది. గీత దగ్గర మాస్టారు మొహం ఎర్రగా కందిపోయి ఉంది, తిట్టిన నోరు ఇంకా తెరిచే ఉంది, నన్ను చూసి మూసుకోబోయి, నేను నవ్వుతుండడం చూసి మళ్లీ తెరిచారు.

"ఏందిరా ఆ ఇకిలింపు? వచ్చే ఏడు నీళ్లు దగ్గరుండి తాగించే డ్యూటీ నీదే. చివరి దాకా ఆడతావు కూడా, కాళ్లు విరిగినా దించను. ఏందీ?"

"సరేనండి."

ఆట సాగుతోంది. కార్నర్ వాళ్లది, మార్క్ ఎగిరి గుప్పిట్లతో కొట్టాడు. బంతి స్వామి దగ్గరికి పోయింది, స్వామి కుంటుతూ కదిలాడు, నడుస్తున్నాడు, పరిగెత్తుతున్నాడు. వెనక ఇద్దరూ వాదించుకోవడం మానేశారు. అప్పుడే రైలు కట్ట అవతల మసీదు నుంచి అజాన్ మొదలైంది. నిక్కరు జేబులో నజీరా పెట్టిన ఖర్జూరం ఉంది, తీసి, బిస్మిల్లా అని నోట్లో వేసుకున్నాను. నీళ్లు కావాలి. గ్లాసు ముంచితే అడుగు తగిలి ఠంగుమంది. బిందెలో ఏమీ లేదు, నిమ్మచెక్కలు తప్ప. మూడేళ్లలో మొదటిసారి కొండమ్మ గారి బిందె ఖాళీ అయింది. రెండు చేతులా ఎత్తి, తల వెనక్కి వాల్చి, నోటి మీదికి వంచాను. బిందె నా మొహమంతా కప్పేసింది, లోపల చీకటి, నిమ్మ వాసన, అడుగు నుంచి ఒక్క గుక్క, పుల్లగా, ఉప్పగా, గింజతో సహా జారి వచ్చింది. అదే క్షణంలో బయట జనం ఒక్కసారిగా అరిచారు, బల్ల కదిలిపోయింది, ఎవరో ఎగరేసిన తలపాగాలు నా భుజాలకి తగిలాయి.

బిందె దించేసరికి చివరి విజిల్ కూడా అయిపోయింది. స్వామి చీమకుర్తి వాళ్ల గోలు లోపల వలకి చిక్కుకుని పడి ఉన్నాడు, మనవాళ్లంతా ఆయన మీద పడుతున్నారు, మార్క్ ఇటు చివర్నుంచి అటు చివరికి పరిగెత్తుతున్నాడు.

"చూశావంట్రా దూదిపింజా?" మాస్టారు నా రెక్క పట్టుకుని ఊపేస్తున్నారు. "చూశావా ఎట్టా కొట్టాడో?"

"లేదండీ," అన్నాను, నిమ్మగింజని చెంపలో ఒక పక్కకి నెట్టుకుంటూ. "నీళ్లు తాగుతున్నాను."